మాస్టారి చెయ్యి వణకలేదు

మాస్టారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం తాడేపల్లిగూడెంలో మధ్యాహ్నం భోజనం చేసి వాలుకుర్చీలో నడుం వాల్చినవారు మళ్లీ లేవలేదట. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. నాకు ఆ కబురు ఏలూరు బస్టాండులో ఉండగా సెల్‌కి మెసేజ్‌గా వచ్చింది. మా రిమోట్ ట్రక్కుల క్లబ్బు పెద్ద పంపాడు. "మన మాన్‌స్టర్ ట్రక్కు వీరాభిమాని ఇక లేరు" అని ఉంది అందులో. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఆకురాయి పట్టుకోవడం నేర్పిన మనిషిని ఒక డబ్బా బండికి వీరాభిమానిని చేసి సాగనంపేశారు. బస్సెక్కకుండా అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

తర్వాత మా క్లబ్బు బులెటిన్‌కి నన్నే నివాళి రాయమన్నారు. "ఒక్క పేజీ చాలండి, పక్కన ఫొటో పడుతుంది" అన్నారు. రాసిచ్చాను. చదివారు, వేయలేదు. అందుకని మా క్లబ్బుతో ఏ సంబంధమూ లేని మీ ముందు పెడుతున్నాను. మాస్టారిని మీరు చూసి ఉండరు. ఆయన గురించి మా వైపు ఒక మాట ఏడాదిగా తిరుగుతోంది. పెద్దాయన చెయ్యి వణికి ట్రక్కు అదుపు తప్పిందని, అందుకే కాలు విరగ్గొట్టుకున్నారని. అది అబద్ధం. ఆయన చెయ్యి వణకలేదు. ఈ ఒక్క సంగతి అచ్చులో పడాలి. నాకు క్లబ్బు మీద కోపం, బండి అమ్మిన విజయవాడ షాపాయన మీద కోపం, వాళ్లిద్దరి కంటే నా మీద నాకు ఎక్కువ కోపం. ఎందుకో చెబుతాను.

పెద్దవాళ్లు బొమ్మకార్లతో ఆడుకోవడమేమిటని నవ్వేవాళ్లు నవ్వండి. మా ఇంట్లోనూ నవ్వుతారు. రేడియో రిమోట్‌తో నడిచే ఈ ట్రక్కులు విడిభాగాలుగా డబ్బాలో వస్తాయి. గేర్లు, ఇరుసులు, బేరింగులు, స్ప్రింగులు, గుప్పెళ్లకొద్దీ స్క్రూలు. అన్నీ మనమే బిగించుకోవాలి. నాకు కైకలూరులో మోటార్ వైండింగ్ షాపుంది. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు కాలిపోతే నా దగ్గరకే తెస్తారు. వారమంతా పెద్ద మోటార్లతో కుస్తీ పట్టేవాడికి ఆదివారం చిన్న మోటారు ఒక ముచ్చట. నాలాంటివాళ్లం ఏడెనిమిది మందిమి చేరి క్లబ్బని పేరు పెట్టుకున్నాం. కైకలూరులో చేపల మేత షాపు నడిపే ఆయన మాకు పెద్ద. మండవల్లి దగ్గర ఆయనకు చెరువులున్నాయి. చేపలు పట్టేశాక నీళ్లు తోడేసి చెరువును ఎండగడతారు. ఆ ఎండిన చెరువే మా మైదానం. నెర్రెలిచ్చిన నల్లమట్టి మీద లావుపాటి చక్రాల ట్రక్కు ఎగిరెగిరి పడుతుంటే ఎవరికైనా చూడబుద్ధవుతుంది.

మాస్టారిని ఇందులోకి లాగింది నేనే. పాలిటెక్నిక్‌లో ఆయన దగ్గర చదువుకున్నవాణ్ని. ఒకసారి నా ట్రక్కులో గేరు పళ్లు అరిగిపోతే కొత్తది దొరక్క, రిటైరై ఇంట్లో ఉన్న ఆయన దగ్గరకు పట్టుకెళ్లాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని గేర్‌బాక్సు మూత విప్పబోయారు. స్క్రూ రాలేదు.

"ఏవయ్యా, ఇది బిగించిందెవరు?"

"నేనేనండి."

"స్క్రూని బిగించాలి గానీ దాని మీద కసి తీర్చుకోకూడదయ్యా."

ఆ గేరుకి సాయంత్రం దాకా పట్టింది. ఇత్తడి ముక్కలోంచి పన్ను పన్నుగా అరగదీసి కొత్తది చేసిచ్చారు. మరుసటి నెలలో ఆయనే ఒక కిట్టు తెప్పించుకుని నాకు ఫోన్ చేశారు. "నువ్వు రావయ్యా, పొట్లాలింకా విప్పలేదు. ముందు డబ్బాలోని పుస్తకం మొత్తం చదువుతున్నాను" అన్నారు. ఇరవై పేజీల పుస్తకాన్ని రెండు రోజులు చదివే మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. మేమైతే డబ్బా చింపి బిగించేసి, నాలుగు స్క్రూలు మిగిలిపోతే అప్పుడు పుస్తకం వెతుక్కునేవాళ్లం.

స్క్రూలను సైజుల వారీగా ఇడ్లీ ప్లేటు గుంటల్లో పోసుకునేవారు. ఒక్కో గుంటలో ఒక్కో సైజు. రిటైరైన ఎలిమెంటరీ టీచరు ఆయన భార్య. ఆవిడ కాఫీ తెచ్చిపెడుతూ నాతో అనేవారు, "మా ఇంట్లో ఇడ్లీ తిని మూడు నెలలైంది బాబూ. మీ మాస్టారి బండి తినేస్తోంది" అని. ఆయన తల ఎత్తకుండా, "ఈ ఒక్క ఇరుసు అవనీ, రేపు ఇచ్చేస్తాను" అనేవారు. ఆ రేపు వచ్చినట్టు నాకు తెలియదు. చివరికి ఆవిడే ఇంకో ఇడ్లీ పాత్ర కొనుక్కున్నారు.

ఆదివారం చర్చి అయ్యాక గూడెంలో బస్సెక్కి ఏలూరులో దిగి, అక్కడ కైకలూరు బస్సు పట్టుకుని కొల్లేటి మీదుగా వచ్చేవారు. ఒళ్లో బండి డబ్బా, డబ్బా మీద తువ్వాలు. చర్చి బట్టలు మాసిపోతాయని సంచిలో వర్క్‌షాపు రోజుల నాటి ఖాకీ చొక్కా తెచ్చుకుని చెరువు గట్టు మీద మార్చుకునేవారు. ఆట అయ్యాక మేం బండ్లను బురదతోనే డబ్బాలో పడేస్తే ఆయన పాత పళ్లబ్రష్‌తో చక్రాల సందులన్నీ తోమి, ఆరబెట్టి, వేప పుల్లతో గ్రీజు పెట్టి గానీ లేచేవారు కాదు. "కొల్లేటి మట్టికి జాలి లేదు, బేరింగులో దూరిందంటే వదలదు" అనేవారు.

మా క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. అది పెట్టింది మాస్టారే. అది తెలియకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. ప్రతి రిమోట్‌లోనూ అది ఏ రేడియో తరంగం మీద పనిచేయాలో తేల్చే ఒక చిన్న క్రిస్టల్ ఉంటుంది. దానికొక రంగు ఉంటుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అలా. బండిలోనూ అదే రంగు క్రిస్టల్ ఉంటుంది. ఒకే రంగు రిమోట్లు రెండు ఒకేసారి ఆన్‌లో ఉంటే బండికి ఎవరి మాట వినాలో తెలియదు, పిచ్చెత్తినట్టు పరుగెడుతుంది. అందుకని మాస్టారు ఒక చెక్క పలకకు బట్టల క్లిప్పులు గుచ్చి, ఒక్కో క్లిప్పుకు ఒక్కో రంగు వేసి గట్టు మీద పెట్టారు. మీ రంగు క్లిప్పు తీసి కాలరుకు పెట్టుకున్నాకే రిమోట్ ఆన్ చేయాలి. పలక మీద మీ రంగు క్లిప్పు లేదంటే అది ఎవరి కాలరు మీదో ఉందన్నమాట, వాళ్లు ఆపి తిరిగి పెట్టేదాకా మీరు చేతులు కట్టుకుని నిలబడాలి. అంతే. ఎవరికైనా ఇందులో అర్థం కానిదేముంది?

నా బండిది నీలం.

కిందటేడు ఎండాకాలం విజయవాడ నుంచి ఒక షాపాయన కొత్త కిట్టు పట్టుకొచ్చాడు. దాని పేరు రాయను, రాస్తే అదీ ప్రచారమే. డబ్బా మీద నిప్పులు కక్కుతూ నాలుగు కార్ల మీంచి దూకే ట్రక్కు బొమ్మ. బండి మా వాటికి మూడింతల బరువు. క్లబ్బులకు ముందుగా ఇచ్చి, నడిపినవాళ్ల అభిప్రాయాలు రాయించుకుని, వాటిని కరపత్రంగా అచ్చేసి జిల్లా అంతా పంచుతానన్నాడు. మా వాళ్లు ఉబ్బిపోయారు. అచ్చులో పేరు పడుతుందంటే ఎవరు ఆగుతారు? మేత షాపాయన ఇంకా డబ్బా విప్పకముందే "అద్భుతం" అని రాసేశాడు. ఇంకొకాయన టైర్లు చూసి, "మా ట్రాక్టరు టైర్లకన్నా పట్టు ఎక్కువ" అన్నాడు. ఆయనకు ట్రాక్టరే లేదు. నేను మోటారు గురించి నాలుగు పెద్ద మాటలు రాశాను. దాని తీగచుట్ట విప్పి చూడకుండానే.

బిగించే పని మాత్రం మాస్టారికి అప్పజెప్పారు. ఆయన దాన్ని గూడెం తీసుకెళ్లి మూడు వారాలు కూర్చున్నారు. షాపాయన ఫోన్ల మీద ఫోన్లు చేసేవాడు.

"అయిపోయిందాండీ మాస్టారూ? జనం అడుగుతున్నారండి."

"అవుతోందండి. మీ పుస్తకంలో క్రిస్టళ్ల గురించి ఒక్క ముక్క లేదేమిటండీ?"

"అవన్నీ ఎవరు చదువుతారండీ."

ఈ మాట నాతో చెప్పినప్పుడు మాస్టారు నవ్వలేదు. ఎవరైనా తెలియక తప్పు చేస్తే ఆయనకు కోపం వచ్చేది కాదు, తెలిసి దాచిపెడితే వచ్చేది. వచ్చినా గొంతు పెంచేవారు కాదు. కళ్లజోడు తీసి తుడుచుకునేవారు.

నడిపి చూపించే రోజు మండవల్లి చెరువులో షామియానా వేశారు. జనం బాగానే వచ్చారు. ఎదురుగా రెండో గట్టు మీద, పక్క చెరువు అడుగున మిగిలిన చేపలు ఏరుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు పదిమంది దాకా క్యారేజీలు విప్పుకుని అన్నాలు తింటూ కూర్చున్నారు. మాస్టారు ఖాకీ చొక్కా వేసుకుని, నీలం క్లిప్పు తీసి కాలరుకు పెట్టుకున్నారు. ఆ కొత్త బండికీ నీలం క్రిస్టలే వచ్చింది. రిమోట్ పట్టుకుని ఒక చుట్టు నిదానంగా, రెండో చుట్టు కాస్త వేగంగా తిప్పారు. చేయి తిరిగిన మనిషి నడుపుతుంటే ఆ బరువు బండి కూడా చెప్పినట్టు వినేది. మూడో చుట్టులో జనం చప్పట్లు కొట్టారు.

నేను షామియానా కింద నా డబ్బా విప్పుకుని కూర్చున్నాను. తర్వాత వంతు నాది. రిమోట్‌లో బ్యాటరీలు ఏ మేరకున్నాయో సూది చూసుకుందామనిపించింది. సూది కదలాలంటే ఆన్ చేయాలి. ఏంటెన్నా బయటికి లాగి ఆన్ చేశాను. పలక నా పక్కనే ఉంది. అందులో నీలం క్లిప్పు లేదు. అది నాకు కనిపిస్తూనే ఉంది. అర నిమిషమేగా అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా కరెంటుతో పనిచేస్తున్నవాణ్ని, మెయిన్ ఆపకుండా వైరు పట్టుకున్న కుర్రాడి చెంప పగలగొట్టేవాణ్ని, నేను అర నిమిషమేగా అనుకున్నాను.

ట్రక్కు ఒక్కసారి మెలి తిరిగి, పూర్తి వేగంతో ఆడవాళ్లు కూర్చున్న గట్టు వైపు పోయింది. మాస్టారు రెండు చేతులా రిమోట్ నొక్కుతూనే దాని వెంట పరుగెత్తారు. అరవై దాటిన మనిషి నెర్రెల్లో కాళ్లు పడుతుంటే అడ్డంగా పరుగెత్తి, గట్టుకు నాలుగడుగుల ముందు దాని దారిలో కాలు పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు షామియానా దాకా వినిపించింది. ఆడవాళ్లు క్యారేజీలు వదిలేసి లేచారు. ఎవరికీ ఏమీ కాలేదు. మాస్టారు నేల మీద కూర్చుని ముందు బండిని తిరగేసి స్విచ్ ఆపారు. ఆ తర్వాతే కాలు చూసుకున్నారు.

నేను ఎప్పుడు ఆపానో నాకే తెలియదు. జనం అటు పరుగెడుతుంటే నేను ఏంటెన్నా లోపలికి తోస్తున్నాను.

విజయవాడ షాపాయన మొదట అన్నాడు. "పెద్దవారు కదండీ, చెయ్యి వణికుంటుందండి." మేత షాపాయన వెంటనే అందుకున్నాడు. "అవునండి, నేనూ చూశానండి, వణికింది." ఏం చూశాడు? ఆయన అప్పుడు షోడా తాగుతున్నాడు. నలుగురూ తలలూపారు. అందరూ నా వైపు చూశారు, ఎందుకంటే ఆయన శిష్యుణ్ని నేనే, నేను కాదంటే ఆ మాట అక్కడే ఆగిపోయేది. "వయసు కదండీ" అన్నాను.

ఈ రెండు మాటలూ నేనే అన్నాను. రాస్తుంటే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తోంది.

అంతటితో ఊరుకున్నానా? కరపత్రానికి అభిప్రాయం మార్చి రాసిమ్మని షాపాయన అడిగితే రాసిచ్చాను. "బండిలో ఏ లోపమూ లేదు. వయసు మళ్లినవారు నడపకపోవడం మంచిది" అని. కింద నా పేరు, నా షాపు పేరు. కైకలూరు నుంచి గుండుగొలను దాకా టీ కొట్లలో ఆ కరపత్రం కనిపించింది. మాస్టారు ఆసుపత్రి మంచం మీది నుంచే మూడు పేజీల అభిప్రాయం పంపారు. అందులోంచి వాళ్లు వేసింది ఒక్క వాక్యం. "గేర్లు చాలా బాగున్నాయి." దాని కింద మాస్టారి పేరు. ఆయన రాసిన మూడు పేజీల్లో మెచ్చుకోలు అదొక్కటే, దాన్ని ఏరుకున్నారు.

కాలు అతుక్కుంది గానీ కర్ర వచ్చింది. ఆయన మళ్లీ చెరువుకు రాలేదు. ఎవరూ రమ్మని పిలవలేదు. నీలం క్లిప్పు ఆ రోజు ఆయన కాలరు మీదే ఆసుపత్రికి పోయింది. నాకు ఆట ఆగిపోతుందని నేనే కొత్త క్లిప్పు కొని, నీలం రంగు వేసి, పలకకు గుచ్చాను. ఏడాది పాటు ఆ దొంగ క్లిప్పు పెట్టుకుని ఆడాను.

మధ్యలో ఒక్కసారి గూడెం వెళ్లి చూశాను. బత్తాయిలు పట్టుకెళ్లాను. మాస్టారు మామూలుగానే మాట్లాడారు. ఏరేటర్ల గురించి అడిగారు, కరెంటు కోతల గురించి అడిగారు. లేచి వస్తుంటే గుమ్మం దాకా కర్ర ఊతంతో వచ్చి, "క్లిప్పు పెట్టుకుంటున్నావా?" అన్నారు. "పెట్టుకుంటున్నానండి" అన్నాను. "పెట్టుకో" అన్నారు. ఆయన మామూలుగా అడిగారని బస్సులో నాకు నేను చెప్పుకున్నాను. కైకలూరులో దిగేసరికి నమ్మేశాను కూడా.

ఇక్కడ ఒక మాట. ఆ బండే మాస్టారి ప్రాణం తీసిందని రాయాలని నాకు చాలా ఉంది. అలా రాస్తే నా కోపానికి బాగుంటుంది. కానీ డాక్టరు గుండె అన్నాడు, నాకు అంతకుమించి తెలియదు. వర్క్‌షాపు రికార్డులు దిద్దేటప్పుడు ఆయన ఎర్ర పెన్సిల్‌తో మార్జిన్‌లో ఒకటే రాసేవారు: "చూసింది రాయి. అనుకున్నది నీ దగ్గరే ఉంచుకో." ఆయన మీద రాసే ఈ పేజీలకైనా నేనది పాటించాలి. అందుకని కొట్టేశాను.

మట్టి చేసిన మూడో రోజు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక తెలిసినవాళ్లు ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. మా మేత షాపాయన లేచాడు. "చివర్లో పాపం చెయ్యి వణికేదండి, అయినా మా ట్రక్కంటే ప్రాణమండి ఆయనకి" అన్నాడు. చాపల మీద కూర్చున్నవాళ్లు అయ్యో అన్నట్టు తలలూపారు. పాలిటెక్నిక్ నుంచి వచ్చిన పాత శిష్యులు కూడా ఊపారు. గీతకు గీత తప్పని చేతిని ముప్పై ఏళ్లు చూసినవాళ్లు! నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచి వెనక పెరట్లోకి పోయాను. లేచి అరవాల్సింది పోయి, పెరట్లోకి పోయాను.

కాసేపటికి మాస్టారి భార్య వచ్చారు. చేతిలో మూడు కాగితాలు. కార్బన్ పెట్టి తీసిన కాపీ.

"నువ్వు చదివావా బాబూ ఇది?"

"లేదండి. వాళ్లు ఒక్క లైనే వేశారండి."

"చదువు."

అచ్చు డ్రాయింగు అక్షరాలు. బొటనవేలికి కార్బన్ మసి అంటుకుంది. గేర్లు బాగున్నాయి. బేరింగులకు మూతలు లేవు, మన బురదకు రెండు నెలలు ఆగవు. రేడియో మాట అందకపోయినా రెండు మాటలు కలగలిసినా బండి ఆగాలి, ఇది ఆగకుండా పరుగెడుతోంది. ఆ లోపం సరిచేసేదాకా మనుషుల మధ్య నడపకూడదు. క్రిస్టల్ రంగుల సంగతి డబ్బా మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలి. చివరి పేజీలో ఆ రోజు జరిగింది రాశారు. "నేను రిమోట్‌ను ఎడమకు తిప్పితే బండి కుడికి పోయింది. అదే రంగు రిమోట్ ఇంకొకటి ఆన్‌లో ఉండటం నేను చూడలేదు."

చూడలేదు. ఆయనకు తెలియదు. ఆ క్షణంలో నేను సంతోషించాను. ఇది కూడా చూసిందే కాబట్టి రాస్తున్నాను.

ఆవిడ నా మొహం వైపే చూస్తున్నారు.

"ఆ ఆఖరి ముక్క రాయడానికి ఆయనకి నాలుగు రోజులు పట్టింది బాబూ. రాయడం, కొట్టేయడం. ఏంటండీ అంత ఆలోచన అన్నాను. కుర్రాడి ఏంటెన్నా ఎండకి తళుక్కుమంది, చూశాను అన్నారు."

నేను మళ్లీ ఆ ఆఖరి వాక్యం చూశాను.

"మరి చూసింది రాయాలి కదండీ, అందరికీ అదే చెబుతారు కదా అన్నాను. కోప్పడ్డారు నా మీద. 'వాడికి ఊళ్లో మోటార్ల షాపుంది. స్విచ్ దగ్గర జాగ్రత్త లేనివాడని అచ్చులో పడితే రేపు వాడి గుమ్మం ఎవరు తొక్కుతారు? నా చెయ్యి వణికిందంటే నాకు పోయేదేముంది, రిటైరైనవాణ్ని' అన్నారు."

"అమ్మగారూ, నేనేనండి..."

"తెలుసులే బాబూ. నువ్వొచ్చి చెబుతావని చూశారు. బస్సు ఆగినప్పుడల్లా చూసేవారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. కనీసం ఒక్కరైనా నన్ను తిట్టి ఉంటే ఆ పెరట్లో నిలబడటం కాస్త తేలికయ్యేది. ఒక్క అబద్ధం చెప్పని మనిషి, మా అందరి రికార్డుల్లోనూ అబద్ధం ఎక్కడుందో పెన్సిల్‌తో పొడిచి చూపించిన మనిషి, జన్మలో ఒక్కటి రాశారు, అది నా కోసం. నేను ఆయన మీద రాసింది కూడా అబద్ధమే. నాది అచ్చయింది. ఆయనది కాలేదు.

నేరుగా లోపలికి వెళ్లి, చాపల మీద ఇంకా కూర్చున్న వాళ్ల ముందు చెప్పాను. "మాస్టారి చెయ్యి వణకలేదండి. క్లిప్పు లేకుండా రిమోట్ ఆన్ చేసింది నేను" అన్నాను. మేత షాపాయన నా మోచెయ్యి పట్టుకుని, "ఏవండీ, ఇప్పుడెందుకండీ ఇవన్నీ, పోయినాయన పోయారు" అన్నాడు. చెయ్యి విదిలించుకున్నాను. పోయినాయన పోయారు కాబట్టే. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఆయన ఉండగా చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ బాకీ ఎటూ తీరదు. కనీసం ఆయన చేతిని ఆయనకు తిరిగిచ్చేయాలి.

మరుసటి ఆదివారం చెరువుకు వెళ్లి, పలక మీంచి నేను గుచ్చిన దొంగ క్లిప్పు తీసి విరిచేశాను. బులెటిన్‌కి ఇదంతా రాసిచ్చాను. "ఆవేశంలో ఉన్నారు" అన్నారు. ఉన్నాను. విజయవాడ షాపాయన ఆ కరపత్రం ఇంకా పంచుతూనే ఉన్నాడు. బండి ఇంకా అమ్ముతూనే ఉన్నాడు. డబ్బా మీద రంగుల మాట ఈ రోజుకీ లేదు. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి ట్రక్కు కొంటే, పక్కవాడి క్రిస్టల్ రంగు అడగనిదే ఆన్ చేయకండి. ఇది మాస్టారి అభిప్రాయం. మూడు పేజీలూ నా దగ్గరున్నాయి, ఎవరడిగినా చూపిస్తాను. నా షాపుకి మోటార్లు రావడం కాస్త తగ్గింది. తగ్గనివ్వండి.

పోయిన వారం మళ్లీ గూడెం వెళ్లాను. నా బండి నీలం కాబట్టి, ఆ నీలం క్లిప్పు పలక మీదికి తిరిగొస్తే గానీ నేను ఆడకూడదు కాబట్టి, దాన్ని అడిగి తెచ్చుకుందామని. ఇంట్లో మాస్టారి భార్య ఆయన బట్టలన్నీ ఉతికి చర్చి వాళ్లకు ఇవ్వడానికి ఆరేస్తున్నారు. మంచాల మీద, గోడ మీద, దండెం నిండా బట్టలు. "ఏం బాబూ, ఏమైనా కావాలా?" అన్నారు. దండెం చివర ఖాకీ చొక్కా కనిపించింది. దాన్ని కాలరు దగ్గర పట్టి ఉంచింది ఆ నీలం క్లిప్పే. రంగు అక్కడక్కడా లేచిపోయింది.

"ఏం లేదండి, చూసి పోదామని వచ్చాను" అన్నాను.

ఆవిడ కాఫీకి లోపలికి వెళ్లారు. గాలి లేచింది. చొక్కా చేతులు రెండూ పైకి లేచి, ఊగి, మళ్లీ కిందపడ్డాయి. దండెం ఊగింది, మిగతా బట్టలు రెండు జారి మట్టిలో పడ్డాయి. క్లిప్పు మాత్రం పట్టిన చోట పట్టినట్టే ఉంది.